ఇనుప తోడేళ్ళ గొంతు

బాలిక్‌చి
9 సెప్టెంబరు 2012, ఆదివారం

చిరంజీవి తమ్ముడు తిలెక్‌ను అక్క బురుల్ దీవించి రాసే సంగతులు.

ఇక్కడ అమ్మ, నేను, మీ బావ మైరామ్‌బెక్, పిల్లలిద్దరూ క్షేమంగానే ఉన్నాం. అక్కడ నువ్వూ చినారా, చంటాడు అర్‌స్తాన్ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని చినారా నవ్వుతుంది, నవ్వనీ. ఫోనులో నువ్వు నన్ను పూర్తిగా మాట్లాడనివ్వవు. పైగా ఇందులో రాయబోయేది నోటితో చెబుదామని పోయిన వారం నీకు మూడుసార్లు ఫోను చేశాను. మూడుసార్లూ మీ ఊళ్ళో చలి మొదలైందా అని అడిగి పెట్టేశాను.

నువ్వు పంపిన పార్సిలు బస్సు డ్రైవరు ఇసాక్ బాబాయ్ జాగ్రత్తగానే తెచ్చి ఇచ్చాడు. చినారా అల్లిన శాలువా అమ్మకు నచ్చింది. "ఉన్ని మంచిదే" అంది. అమ్మ దగ్గర అంతకు మించి ఎవరికీ రాదని నీకు తెలుసు. మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగావు, అలాగే ఉన్నాయి. చేపలు పొగబెట్టడం మానేయమని నువ్వు చెప్పమన్నావు కాబట్టి చెప్పాను. "మానేసి నీ మొహం చూస్తూ కూర్చోమంటావా" అంది. రైళ్ళు తగ్గిపోయాక ఇప్పుడు బస్సులు ఆగేచోట నిలబడి అమ్ముతోంది. ఎల్దియార్ మూడో తరగతికి వచ్చాడు. ఐపేరి ఈ ఒకటో తారీఖున బడిలో చేరింది. తలకాయంత తెల్ల రిబ్బను కట్టి పంపాను, మన సరస్సు గాలికి మధ్యాహ్నానికే అది ఎటో ఎగిరిపోయింది.

ఇక పార్సిల్లో నువ్వు పెట్టిన మన చిన్ననాటి బొమ్మల సినిమా డిస్కుల సంగతి. నీ ఉత్తరంలో ముప్పాతిక వంతు వాటి గురించే ఉంది, నేనూ వివరంగానే రాస్తాను. పెట్టె బాగుంది. అట్ట మీద అయిదు ఇనుప తోడేళ్ళూ కోరలు బయటపెట్టి వరసగా నిలబడ్డాయి, వాటి వెనక తుప్పు రాజు. మన టీవీలో అన్నీ పచ్చగానే కనిపించేవి కాబట్టి తుప్పు రాజుది ఏ రంగో మనకు ఎప్పుడూ తేలలేదు, దాని మీద జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్ళం. నారింజ రంగట. నువ్వే గెలిచావు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి వేశాను. టీ కలుపుకుని నేను కూడా ఆశగానే కూర్చున్నాను. నిజం చెప్పమంటే ఏమీ బాగాలేదురా. తోడేళ్ళు పరుగెత్తినప్పుడల్లా వెనక అవే మూడు రాళ్ళు తిరిగి తిరిగి వస్తాయి. తుప్పు రాజు సైన్యం అన్ని తుపాకులు పేలుస్తుంది, ఒక్క గుండూ ఒక్కడికీ తగలదు. ప్రతి భాగంలోనూ ఆనకట్ట పగులుతుంది. తర్వాతి భాగానికి ఎవరు కట్టారో ఏమో, కొత్తదానిలా నిలబడి ఉంటుంది. పది నిమిషాలకే ఎల్దియార్ పట్టేశాడు.

"అమ్మా, ఇందాకటి రాయే మళ్ళీ వచ్చింది."

"నోర్మూసుకుని చూడరా."

"దీనికోసమా నువ్వూ మామయ్యా బడి నుంచి పరుగెత్తుకొచ్చేవాళ్ళు? పాపం."

వాడి వీపు మీద ఒకటి వేశాను. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ మూడు రాళ్ళు చూస్తూ నువ్వు ఎన్నిసార్లు సూపు చల్లారబెట్టావో, దాన్ని మళ్ళీ వేడి చేయడానికి నేను ఎన్నిసార్లు పొయ్యి రాజేశానో గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

మనం ఎప్పుడూ చూడని ఆఖరి భాగం ఎలా ఉందో రాయమన్నావు. మన టేపులో అది సగంలో తెగిపోయి ఎవరిదో పెళ్ళి వచ్చేది కదా. ఇప్పుడు మొత్తం చూశాను. అందులో ఏమీ జరగదు. తుప్పు రాజు తప్పించుకుపోతూ మళ్ళీ వస్తానని అరుస్తాడు, తోడేళ్ళు ఆనకట్ట మీద నిలబడి ఊళ వేస్తాయి, పేర్లు పడతాయి. మన టేపులోని పెళ్ళే నయం, కనీసం అందరూ భోజనం చేశారు.

డిస్కులో రెండు రకాల మాటలున్నాయని రాశావు, ఉన్నాయి. మొదటిది కొత్తది, ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క నటుడు. పిల్లలకు అదే నచ్చింది. రెండోది 'పాత క్యాసెట్టు గొంతు'. వాళ్ళు అడగకుండానే నేనే అది నొక్కాను. అదే గొంతు వచ్చింది. జలుబు చేసినట్టు ముక్కుతో, నిద్ర చాలనట్టు విసుగ్గా, తోడేలు నోరు తెరిచాక అర క్షణం ఆలస్యంగా. తోడేలుకీ ఆ గొంతే, తుప్పు రాజుకీ ఆ గొంతే, ఆనకట్ట కాపలావాడి కూతురికీ ఆ గొంతే. "ఆ పాపకు తాతయ్య గొంతు ఎందుకొచ్చింది?" అని ఐపేరి భయపడింది కూడా.

నాలుగో భాగంలో ఆ గొంతు మధ్యలో దగ్గడం అలాగే ఉంది, దాన్ని తీసేయలేదు. ఆ దగ్గు విని నువ్వు చేసిన గొడవ గుర్తుందా? నాన్నకు జలుబు చేసింది, రాస్ప్‌బెర్రీ జామ్ సీసా మాస్కోకి పంపాల్సిందే అని నేల మీద పడి ఏడ్చావు. రైలు కండక్టరు చేతికిచ్చి వస్తానని నేను సీసా తీసుకెళ్ళాను. స్టేషను వెనక గట్టు మీద కూర్చుని ఆ జామ్ మొత్తం వేలితో తినేశాను. అది నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ చెప్పాల్సినవాటిలో అన్నిటికంటే చిన్నది కాబట్టి ముందు చెప్పాను.

అమ్మ చూసిందా, ఏమంది అని అడిగావు. అమ్మ వంటింట్లో చేపలు చీలుస్తోంది. ఆ గొంతు వినగానే కత్తి ఆగింది.

"ఆపవే దాన్ని."

"పిల్లలు చూస్తున్నారమ్మా."

"చూస్తే చూడనీ. మాట ఆపు."

మాట ఆపేశాను. మిగతాదంతా మూగగా నడిచింది. అమ్మ అన్నది అంతే.

ఇప్పుడు నీ ఉత్తరంలో చివరి పేజీకి వస్తాను. ఎంత కోపంలో రాశావో నీకే కనిపించాలని ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను. "అక్కా, అట్ట వెనక లెవ్ రుదకోవ్‌స్కీ అని అచ్చేశారు, మాటలు చదివింది వాడేనట. నాన్న గొంతు వాడి పేరున అమ్ముకుంటున్నారు. చచ్చిపోయినవాడు వచ్చి అడగడని ధైర్యం. ఇరవై మూడో తారీఖు ఆదివారం వాడు మా యెకాతెరిన్‌బుర్గ్ వస్తున్నాడు, దుకాణంలో కూర్చుని డిస్కుల మీద సంతకాలు పెడతాడట. నేను అర్‌స్తాన్‌ని ఎత్తుకుని వెళ్తాను. అందరి ముందూ వాడి కాలరు పట్టుకుని, ఇది మా నాన్న గొంతు, ఇదిగో ఆయన మనవడు అని చెప్తాను."

వెళ్ళకు తిలెక్. అది ఆయన గొంతే, ఆ రుదకోవ్‌స్కీదే. పెట్టెలోని చిన్న పుస్తకంలో ఫొటో వేశారు, బట్టతల, మెడకు మఫ్లరు. ఆయన ఎవరి దగ్గరా ఏమీ దొంగిలించలేదు. ఆయన గొంతును మన నాన్నదని నీకు చెప్పింది నేను. అప్పుడు నాకు పదకొండేళ్ళు, నీకు అయిదు.

ఎలా చెప్పానో రాస్తాను. తొంభై ఒకటిలో రేవు మూతపడింది. సరస్సులో పడవలు ఆగిపోయాయి, నాన్న నడిపే క్రేను ఆగిపోయింది. నాన్న నాలుగు నెలలు గోడకేసి తిరిగి పడుకున్నాడు. తర్వాత పని వెతుక్కుంటానని వెళ్ళాడు, రాలేదు. ఆయన పక్కబండి మోటారుసైకిలు మాత్రం పెరట్లో ఉండిపోయింది. నువ్వు రోజూ ఆ పక్కబండిలో ఎక్కి కూర్చునేవాడివి. వాన పడినా దిగేవాడివి కాదు, నాన్న వచ్చి నడుపుతాడని. అమ్మ ఒక ఏడాది చూసింది. నీ గుండెల్లో కఫం పట్టాక ఆ బండిని ఒక లారీ డ్రైవరుకిచ్చి వీడియో యంత్రం, నాలుగు టేపులు తీసుకుంది. బండి ఏదని నువ్వు ఇల్లు పీకి పందిరేశావు. అమ్మ స్టేషనుకి చేపలు తీసుకుపోయింది, నీతో నేను మిగిలాను. నోరు మూయించడానికి టేపు పెట్టాను. తోడేలు మాట్లాడింది.

"అక్కా, అందరికీ ఒక్కడే మాట్లాడుతున్నాడు. ఎవరు?" అన్నావు.

"నాన్న" అన్నాను.

"ఏ నాన్న?"

"మన నాన్నే. మాస్కోలో ఇదే పని. బండి కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. నోరు మూసుకుని విను."

నువ్వు నోరు మూసుకుని విన్నావు. ఏడాది తర్వాత మొదటిసారి ఆ రోజు రెండు గిన్నెలు తిన్నావు. సాయంత్రం అమ్మ రాగానే పరుగెత్తి చెప్పావు. అమ్మ నావైపు ఎలా చూసిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. నువ్వు పక్కకు వెళ్ళాక నా చెవి మెలిపెట్టింది. ఆ తర్వాత నీ ఖాళీ గిన్నె చూసి చెవి వదిలేసింది. "బడికి వెళ్ళేదాకా ఉండనీ, అప్పుడు వాడికే తెలుస్తుంది" అంది. బడికి వెళ్ళాక నీకేమీ తెలియలేదు. నీ తరగతిలో అయిదర్, అది మీ నాన్న కాదురా, మీ నాన్న తోక్మోక్‌లో ఉన్నాడు అన్నాడు. నువ్వు వాడి ముక్కు పగలగొట్టి వచ్చావు. అయిదర్ చెప్పింది నిజం.

అవును, తోక్మోక్. మన స్టేషనులో రైలెక్కి పడమరగా పోతే అదే దారిలో మూడు గంటలు. అక్కడ ఇటుకల ఫ్యాక్టరీ దగ్గర రఖీమా అనే ఆవిడతో ఆయన కాపురం పెట్టాడు, ఇద్దరు ఆడపిల్లలు. ఆయన మాస్కో మొహం ఎప్పుడూ చూడలేదు. వీధిలో పెద్దవాళ్ళందరికీ తెలుసు, అమ్మ నోటికి జడిసి ఎవరూ నీ దగ్గర ఎత్తలేదు.

నా కడుపులో ఉన్నది కూడా చెప్పనీ. నాకు నీ మీద కోపం ఉండేది. అమ్మ చేతులు చేపల కంపు అని నువ్వు ఆ చేతుల్లో అన్నం తినేవాడివి కాదు. ఆ కంపు మీదే నీ బూట్లు వచ్చాయి, నీ కోటు వచ్చింది. నువ్వేమో వెళ్ళి టీవీ అద్దానికి ముద్దు పెట్టేవాడివి. నీ పెళ్ళిలో లేచి నిలబడి, "మా నాన్న దూరంగా ఉన్నా రోజూ నాతో మాట్లాడాడు" అని చెప్పి అందరినీ ఏడిపించావు. అప్పుడు అమ్మ అందరికీ మాంసం పళ్ళేలు అందిస్తోంది. రోజూ నీతో మాట్లాడింది ఎవరో నీకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఆ అబద్ధం పెట్టింది నేనే కాబట్టి నోరెత్తే హక్కు నాకు లేకపోయింది.

తొంభై ఏడు వసంతంలో నాన్న మాస్కోలో కారు కింద పడి పోయాడని అమ్మ నీతో చెప్పింది. అది అమ్మ అబద్ధం. ఆయన కోసం ఎదురుచూడటం ఆపడానికి అమ్మకు అంతకంటే దారి దొరకలేదు. ఆ రోజు నుంచీ ప్రతి గురువారం ఆయన ఆత్మకు వాసన చేరాలని నూనె కాచి పిండి వేయించాం, నువ్వు అరచేతులు తెరిచి ఆయన కోసం ప్రార్థన చదివావు. అక్కడ తోక్మోక్‌లో ఆయన అదే గురువారం కూర్చుని టీ తాగుతూ ఉండి ఉంటాడు. బతికున్న మనిషికి పదిహేనేళ్ళు నూనె వాసన పట్టించాం. పిండి నేనే కలిపేదాన్ని.

ఇప్పుడు కూర్చుని చదువు. నాన్న పోయిన నెల పదిహేనో తారీఖున చనిపోయాడు.

రఖీమా ఫోను చేసింది. గుండె ఆగిందట, బజారు నుంచి వస్తూ దారిలోనే. అమ్మకు చెప్పాను. అమ్మ చేపలకు ఉప్పు పట్టిస్తోంది. చేతులాగలేదు.

"నాకు ఆయన ఎప్పుడో చచ్చాడు. రెండోసారి ఏడవడానికి నా దగ్గర లేదు. నువ్వు పోతే పో."

ఒక్కదాన్నే పొద్దుటి బస్సెక్కి వెళ్ళాను. పెరట్లో గుడారం వేశారు, లోపల ఆడవాళ్ళు గోడవైపు తిరిగి కూర్చుని ఏడుస్తున్నారు. బయట వచ్చేవాళ్ళకు ఎదురుగా కర్ర ఆనుకుని నిలబడి, గొంతెత్తి 'నాన్నా' అని ఏడవాల్సిన చోట కొడుకు లేడు. రఖీమా తమ్ముడి కొడుకొకణ్ణి నిలబెట్టారు. వాడికి ఆయన మేనత్త మొగుడు. నాన్నా అని ఏడవడానికి వాడికి నోరు రావడం లేదు, కర్ర అటూ ఇటూ మార్చుకుంటున్నాడు.

మర్నాడు గిన్నెలు తోముతుండగా రఖీమా నా పక్కన కూర్చుంది. ఆవిడ మీద ఇరవై ఏళ్ళుగా దాచుకున్న తిట్లన్నీ నాలుక మీదే ఉన్నాయి. ఆవిడ చేతులు అమ్మ చేతుల్లాగే పగిలి ఉన్నాయి, ఒక్క తిట్టూ బయటకు రాలేదు.

"తాగినప్పుడల్లా ఒకటే చెప్పేవాడమ్మా. నా కొడుకు నన్ను మావయ్యా అన్నాడు, నోరు మూసుకోమన్నాడు, వాళ్ళ నాన్న మాట్లాడుతున్నాడట అని. చెప్పి నవ్వేవాడు. ఏంటయ్యా ఆ నవ్వు అంటే, నీకు అర్థం కాదులే అనేవాడు. నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నీకేమన్నా తెలుసా?"

తెలియదన్నాను. నాకు తెలుసు, తిలెక్. నేను ఆ గదిలోనే ఉన్నాను.

అది తొంభై ఆరు సెప్టెంబరు. నీకు తొమ్మిదేళ్ళు, నాకు పదిహేను. మధ్యాహ్నం మూడింటికి నువ్వు బడి నుంచి వచ్చి నాలుగో భాగం పెట్టుకుని కూర్చున్నావు, అయిదు తోడేళ్ళూ ఆనకట్ట మీద కొట్టుకుంటున్నాయి. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. తలుపు తీసే ఉంది. ఒక మనిషి గుమ్మంలోకి వచ్చి, "తిలెక్" అని పిలిచాడు. నువ్వు తల కూడా తిప్పలేదు.

"మావయ్యా, కాసేపు చప్పుడు చెయ్యకు. మా నాన్న మాట్లాడుతున్నాడు."

నేను కత్తితోనే బయటకు వచ్చాను. ఒక చేతిలో పుచ్చకాయ, ఇంకో చేతిలో సూట్‌కేసు. సన్నబడ్డాడు, కానీ చూడగానే పోల్చుకున్నాను. ఆయన టీవీ వైపు చూశాడు, నీ వీపు చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"వాడేమంటున్నాడే?"

"వినపడలేదా? వాళ్ళ నాన్న మాట్లాడుతున్నాడట. మధ్యలో నువ్వెవరని అడుగుతున్నాడు."

"అమ్మేది?"

"నీకెందుకు?"

"బురుల్, నేను వచ్చేశాను. అక్కడ ఇల్లు విడిచే వచ్చాను. లోపలికి రానీ, అమ్మ వచ్చాక మాట్లాడుకుంటాం."

అమ్మ అక్కడికి పది నిమిషాల దూరంలో, స్టేషను మెట్ల దగ్గర నిలబడి ఉంది. పరుగెత్తి పిలుచుకు రావచ్చు. నీ భుజం పట్టి తిప్పి, ఒరే వీడేరా నాన్న అని చెప్పవచ్చు. నేను ఆ రెండూ చేయలేదు.

"అమ్మ నిన్ను గుమ్మం తొక్కనివ్వొద్దంది" అన్నాను. అమ్మ ఎన్నడూ అలా అనలేదు. అంతటితో ఆపలేదు. "వాడికి నాన్న ఉన్నాడు. పిలిస్తే పలుకుతాడు. నీకంటే నయం" అని కూడా అన్నాను.

ఆయన పుచ్చకాయ మెట్టు మీద పెట్టాడు. నిన్ను ఇంకోసారి పిలుస్తాడేమో అనుకున్నాను, పిలవలేదు. నువ్వు టీవీకి ఇంకా దగ్గరగా జరిగి కూర్చున్నావు. ఆయన సూట్‌కేసు తీసుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. నాకు చాలా తృప్తిగా ఉండింది, అది కూడా దాచను. అమ్మ వచ్చి కాయ ఎక్కడిదని అడిగితే, ఎవరో రైలు దిగినవాళ్ళు చేపలకు బదులిచ్చి వెళ్ళారన్నాను. అమ్మ ఒక ముక్క తిని, బాగా తియ్యగా ఉందని ఇంకో ముక్క అడిగి తీసుకుంది. ఆరు నెలల తర్వాత ఆయన్ను చంపేసింది. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదన్న కోపంతోనే చంపింది. ఆయన చూశాడని ఈ రోజుకీ అమ్మకు తెలియదు.

ఆయన కూడా ఎవరికీ చెప్పలేదట, నేనన్న మాటలు. నువ్వన్నదే చెప్పుకున్నాడు. నన్ను వెనకేసుకొచ్చాడో, తలుచుకోవడానికే ఇష్టపడలేదో నాకెప్పటికీ తెలియదు. ఈ ఇరవై అయిదు రోజులుగా ఆ ఒక్కటే నన్ను తినేస్తోంది.

ఇంకొకటి ఉంది. దానికోసమే ఇంత దూరం రాశాను. శవాన్ని ఎత్తే ముందు వాళ్ళ పెద్దాయన ఒకడు నాన్న పేరెత్తి అందరిలోనూ నన్ను అడిగాడు.

"కాదిర్‌కి కొడుకున్నాడంటారే, ఏడీ? మొదటి పిడికెడు మట్టి వాడు వేయాలి."

నీకు కబురే చేయలేదని చెబితే ఎందుకు చేయలేదని అడుగుతారు. అప్పుడు మొదటి నుంచీ చెప్పాలి. మగవాళ్ళంతా నావైపే చూస్తున్నారు.

"ఫోను చేశాను. రానన్నాడు" అన్నాను.

ఆ ముసలాయన పక్కకు ఉమ్మేశాడు. "అలాంటివాడు ఉంటేనేం, లేకపోతేనేం" అన్నాడు. మొదటి పిడికెడు మట్టి ఆ మేనల్లుడే వేశాడు. మన చుట్టాలందరూ ఇప్పుడు నిన్ను, కన్నతండ్రి చస్తే రానన్న కొడుకు అనే అనుకుంటున్నారు. ఈ మధ్య ఒకరిద్దరు నీ ఫోనుకు జవాబివ్వలేదని రాశావు కదా, కారణం అదే.

నాన్న పోయిన నలభయ్యో రోజు ఇరవై మూడున వస్తుంది. అదే ఆదివారం. తోక్మోక్‌లో ఆ రోజు భోజనాలకు గుర్రాన్ని కోస్తారు, చుట్టాలందరూ వస్తారు. ఇసాక్ బాబాయ్ రేపు బయలుదేరుతున్నాడు, ఈ ఉత్తరం నీకు గురువారానికి అందుతుంది. పద్దెనిమిదిన మళ్ళీ ఇటు తిరుగుతున్నాడు. నీకోసం సీటు ఉంచమని చెప్పాను. నువ్వు ఎక్కకపోతే ఇంకెవరికైనా ఇచ్చేస్తాడు. రుదకోవ్‌స్కీ దగ్గరికి వెళ్ళాలనిపిస్తే తర్వాతెప్పుడైనా వెళ్ళు, వరసలో నిలబడి ఆయనకు సలాం చెప్పు. పదిమందికి ఒక్కడే చదివి, ఆయనకు తెలియకుండానే నిన్ను పెంచాడు.

అమ్మకు ఇవాళే చెప్పేస్తాను, పుచ్చకాయ సంగతితో సహా. ఈ ఉత్తరం కవరులో పెట్టగానే వంటింట్లోకి వెళ్తాను. అమ్మ నన్ను ఇంట్లో ఉండనిస్తుందో లేదో తెలియదు. నువ్వు నాతో మాట్లాడతావన్న ఆశ కూడా పెట్టుకోలేదు. ఫోను తీయకపోతే అర్థం చేసుకుంటాను.

ఇరవై మూడున మాత్రం నేను తోక్మోక్‌లో ఆ ఇంటి గుమ్మంలో నిలబడి, అక్కడున్న మగవాళ్ళందరూ వినేలా చెబుతాను, మా తమ్ముడు రాననలేదు, వాడికి ఎవరూ చెప్పలేదు, నేనే చెప్పలేదు అని. నువ్వు రాకపోయినా చెబుతాను. నువ్వు పక్కన ఉండగా చెప్పాలని ఉంది.

ఇట్లు,
నిన్ను ఎత్తుకు పెంచిన, ఎత్తుకున్నందుకు నీచేత ఇంత మూల్యం కట్టించిన
మీ అక్క
బురుల్